రోజుకొక ఇటుక

ఆ ఎండాకాలం మా పెద్దవీధిని వెడల్పు చేశారు. అదే ఎండాకాలం మా ఆయన కాలు మడత పడడం మానేసింది. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని అప్పుడెవరైనా నాతో అని ఉంటే, చేతిలో ఇస్త్రీపెట్టె కింద పెట్టి మరీ తిట్టి పంపేదాన్ని.

మా ఆయన తాపీ మేస్త్రీ. చలికాలం చివర్లో పరంజా విరిగి రెండో అంతస్తు మీంచి ఇసుక కుప్ప మీద పడ్డాడు. ఇసుక ప్రాణాన్ని కాపాడింది గాని మోకాలిని కాపాడలేదు. రెండు నెలలు కట్టులో ఉంచి విప్పి చూస్తే కాలు కర్రలా బిగుసుకుపోయి ఉంది. ఎముకల డాక్టరు దాన్ని వంచబోయాడు, అది వంగలేదు. మా ఇద్దరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. రోజూ నడవాలి, మెట్లెక్కాలి, దిగాలి, నొప్పి పుట్టినా మానకూడదు. మూడు నెలలయ్యాక, వానలు మొదలయ్యే వేళకు మళ్ళీ తీసుకురమ్మన్నాడు. అప్పటికి కుర్చీలో కూర్చున్నంతగానైనా మోకాలు వంగితే సరేసరి. లేదంటే మళ్ళీ కోయాలి. కోసినా వంగుతుందని తను మాటివ్వలేనన్నాడు.

గొంతుక్కూర్చోలేకపోతే మేస్త్రీకి పని లేనట్టే. ఇసుకా సిమెంటూ పోసి మాలు కలపాలన్నా, గోడకు మొదటి వరస పేర్చాలన్నా గొంతుక్కూర్చోవాలి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంటికి వచ్చే దారిలో ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

వచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. కాలు ఎదురుగా ముక్కాలిపీట మీద చాపుకున్నాడు. ఇక లేస్తే ఒట్టు. నడవమంటే, పనీపాటా లేకుండా రోడ్డు మీద తిరిగేవాణ్ణి ఏమంటారో తెలుసా అని ఒక్కసారి అడిగాడు, ఆ తర్వాత ఆ మాత్రం కూడా మాట్లాడలేదు. కిటికీలోంచి ఎదురింటి గోడ కనబడుతుంది. ఆ గోడ ఓ పక్కకు ఒరిగిందని ఇరవై ఏళ్ళుగా రోజుకోసారైనా సణిగేవాడు. ఇప్పుడు దాన్నే చూస్తూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే నాకు భయమేసింది.

నేను అదే గదిలో ఇస్త్రీ చేస్తాను. హాస్టలు దుప్పట్లు, దర్జీ కొట్టు చొక్కాలు, పొద్దున్న ఏడు నుంచి వేడి తగ్గని పని. నా నోరు మంచిది కాదన్న సంగతిలో మా వీధిలో రెండో అభిప్రాయం లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అత్తగారు చచ్చేదాకా చెప్పింది. నా నోటివల్ల ఊరు మంచిది కాలేదు గాని చాలా పనులయ్యాయి. ఈ ఒక్క పనే కాలేదు. బతిమాలాను, తిట్టాను, కుర్చీ తీసి పెరట్లో పారేస్తానన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మా అమ్మాయి కళ్ళజోళ్ళ కొట్లో పనిచేస్తుంది. ఎదుటివాళ్ళకు ఏ వరస అక్షరాలు కనబడడం లేదో కనిపెట్టడం దాని ఉద్యోగం. ఓ వారం వాళ్ళ నాన్నను గమనించి, ఈయనకు కావలసింది తిట్లు కాదు, వ్యాపకం అని తేల్చింది. ఏదో ఒకటి సేకరించే సరదా అంటిస్తే మనిషి తేరుకుంటాడట. ఆ సేకరించేది చవగ్గా ఉండాలట, చూస్తే ముచ్చటెయ్యాలట, అడుగడుక్కీ దొరక్కూడదట, అలాగని అసలు దొరక్కుండానూ ఉండకూడదట. ఇదేదో పెళ్ళికొడుకును వెతుకుతున్నట్టుందే అన్నాను.

"పెళ్ళికొడుకైతే ఇంత ఆలోచించక్కర్లేదమ్మా" అంది.

ముందు తపాలాబిళ్ళలు తెచ్చింది. ఆయన బొమ్మలు చూడలేదు. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి, ఇంత పల్చటి జిగురు ఏం ఆగుతుందని అడిగి పక్కన పెట్టేశాడు. తర్వాత పాత నాణేలు. వాటిని మా అమ్మాయి చేతే నా ఇస్త్రీ బల్ల కాళ్ళ కింద పెట్టించి, అది ఊగకుండా చేశాడు. అది నాకు పనికొచ్చింది గాని వ్యాపకం కాలేదు. ఆ తర్వాత అగ్గిపెట్టెల మీది బొమ్మకాగితాలు. ఇవి ఆయనకు నచ్చాయి. నీళ్ళలో నానబెట్టి, ఊడదీసి, ఆరబెట్టి, అట్ట మీద అంటించేవాడు. అదీ మామూలుగా కాదు, గోడ కట్టినట్టు, కింది వరస అతుకు మీద పై వరస అతుకు రాకుండా. మా అమ్మాయి మురిసిపోయి ఊళ్ళో ఉన్న అగ్గిపెట్టెలన్నీ ఏరుకొచ్చింది.

నాలుగో రోజున నాకు తట్టింది. మనిషి పొద్దున్న కూర్చున్నవాడు భోజనానికి కూడా లేవలేదు. పళ్ళెం అక్కడికే తెమ్మన్నాడు. కుర్చీకి అతుక్కుపోయినవాడికి కూర్చుని చేసే పని అప్పజెప్పిన తెలివైనవాళ్ళం మేమే. ఆ సాయంత్రం అగ్గిపెట్టెలన్నీ మూటగట్టి అటక మీద పడేశాను. కూర్చుంటే దొరికేది ఏదీ ఈ ఇంట్లోకి తేవడానికి వీల్లేదని మా అమ్మాయికి చెప్పాను. నడిస్తేనే దొరికేది, రోజూ నడిస్తేనే దొరికేది ఏదైనా ఉంటే చెప్పమన్నాను. అది ఆకులంది, ఈకలంది, గులకరాళ్ళంది. ఆయన అన్నింటికీ తల అడ్డంగా ఊపాడు.

ఆ వారమే కాలికి వేడికాపడం పెట్టించుకుని ఆసుపత్రి నుంచి బండిలో వస్తున్నాం. పెద్దవీధిలో ఇళ్ళు కూలగొడుతున్నారు. దారికి అడ్డంగా యంత్రం నిలిపారు. మా బండివాడు విసుక్కుంటూ ఆపాడు. నేను బండివాడితో కలిసి విసుక్కుంటున్నాను. ఇటు తిరిగి చూస్తే పక్కన మనిషి లేడు. కర్ర పట్టుకుని, బిగిసిన కాలు ఈడ్చుకుంటూ ఆ శిథిలాల్లోకి వెళ్ళిపోయాడు. పరంజా మీంచి పడ్డాక తనంతట తాను నడవడం అదే మొదలు. 

తిరిగొచ్చినప్పుడు ఆయన చంకలో ఓ ఇటుక ఉంది. సున్నం గోకి అరచేత్తో తుడిచి నా ఒళ్ళో పెట్టాడు. ఇటుక మీద కుక్క కాలి అచ్చు ఉంది. పచ్చిగా ఎండలో ఆరబెట్టినప్పుడు ఏ కుక్కో దాని మీద నడిచి వెళ్ళింది. అలాగే కాల్చేశారు, అలాగే గోడలో పెట్టేశారు.

"ఇవి ఏరతాను" అన్నాడు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. లోకంలో ఇన్ని వస్తువులుండగా ఈయన మనసు ఇటుక మీదికి పోయింది. చవగ్గా ఉండాలంది మా అమ్మాయి, దీన్ని మించిన చవక లేదు. కాని నాకు ఇటుకంటే పడదు. నేను ఇటుకబట్టీలో పుట్టినదాన్ని. ఏటి అవతల బట్టీ. అమ్మా నాన్నా మట్టి తొక్కి, అచ్చుల్లో పోసి వరసలు పరిస్తే, ఆరిన ఇటుకలను తిరగేయడం నాకు నాలుగేళ్ళప్పటి నుంచి పని. పదేళ్ళప్పుడు అమ్మ పోయింది, పిన్ని వచ్చి నన్ను తీసుకుపోయింది. ఇక జన్మలో ఇటుక ముట్టనని అప్పుడే అనుకున్నాను. ఇటుకలు పేర్చేవాణ్ణే చేసుకున్నాను, అది వేరే సంగతి. ఇంట్లోకి ఒక్క ఇటుక కూడా తేవద్దని మాత్రం పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను. ఆయన నలభై ఏళ్ళు ఆ మాట దాటలేదు.

ఒళ్ళో ఇటుక పెట్టుకుని బండిలో కూర్చున్నాను. ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు, అనుమతి అడిగే పిల్లాడిలా. ఆ కాలు ఈడ్చుకుంటూ నడిచినవాణ్ణి కాదని ఎలా అనను?

రోజుకొకటే అన్నాను. ఒకటికి మించి మొయ్యకూడదు, ఇంట్లో కాదు వసారాలో పెట్టుకోవాలి, నన్ను ముట్టుకోమనకూడదు. ఆయన అన్నిటికీ తలూపాడు.

అలా మొదలైంది. పొద్దున్న ఎండ ఎక్కకముందే భుజాన సంచీ, చేతిలో కర్రతో బయల్దేరేవాడు. మొదట్లో వీధి చివరికి వెళ్ళి రావడానికి గంట పట్టేది. వచ్చి కూలబడి, నొప్పికి పళ్ళు బిగబట్టేవాడు. మర్నాడు మళ్ళీ లేచేవాడు. ఉత్త ఇటుకలు తెచ్చేవాడు కాదు. ఏదో ఒక గుర్తుండాలి. కోడి కాలు, పిల్లి కాలు, రాలిన ఆకు, ఎవరివో ఐదు వేళ్ళు. ఓ రోజు చుక్కలు చుక్కలుగా ఉన్న ఇటుక తెచ్చి, ఇదేమిటో తెలియడం లేదన్నాడు. ముట్టనన్నదాన్ని, బల్ల దగ్గర్నుంచే చూసి వాన చినుకులని చెప్పాను. ఆరేసిన ఇటుకల మీద హఠాత్తుగా నాలుగు చినుకులు పడితే అలా అవుతుంది. వాన పెద్దదైతే ఇటుకే కరిగిపోయేది, కాబట్టి నాలుగు చినుకులు పడి ఆగిపోయిన వాన అది. ఎప్పుడో మా చిన్నప్పటి మధ్యాహ్నం ఆ నాలుగు చినుకులూ పడి ఉంటాయి.

ఆయన ఆ ఇటుకను, నన్ను మార్చి మార్చి చూశాడు. "ఇన్నేళ్ళు ఇటుకలతో బతికాను. నాకీ సంగతి తెలియదు" అన్నాడు.

ఆ రోజు నుంచి తెచ్చిన ఇటుక ముందు నాకు చూపించడం మొదలుపెట్టాడు. కుక్క అన్నది పిల్లి అని నేను దిద్దేదాన్ని. కుక్క గోళ్ళు దిగుతాయి, పిల్లి గోళ్ళు దాచుకుని నడుస్తుంది. కొంగ అన్నది కోడి అని చెప్పేదాన్ని. తెలియక అడుగుతున్నాడో, నాతో మాట్లాడించాలని అడుగుతున్నాడో అప్పుడు ఆలోచించలేదు. ఎదురింటి గోడ ఒరిగిందని మళ్ళీ సణగడం మొదలెట్టాడు. ఆ సణుగుడు విని ఎంత నిమ్మళంగా అనిపించిందో చెప్పలేను.

వసారాలో ఇటుకలు మాలు లేకుండా పేర్చుకుంటూ పోయాడు. అచ్చులన్నీ బయటికి కనబడేలా, ప్రతిదాని అంచు మీదా సుద్దతో తేదీ రాసి. నెల తిరిగేసరికి అది నా నడుం ఎత్తు అయింది. వీధిలోవాళ్ళు వచ్చి చూసిపోయేవాళ్ళు. మా అమ్మాయి దాన్ని చూసి, వ్యాపకాల గురించి తను చదివిన చోట ఇటుకల ఊసే లేదని ఆశ్చర్యపోయింది.

ఓ ఉదయం ఆసుపత్రి కాపలావాడు మా ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. మళ్ళీ పడ్డాడనుకున్నాను. పడలేదు. ఆసుపత్రి ప్రహరీగోడలో మేక గిట్టలున్న ఇటుక ఒకటి కనబడిందట. సంచీలో ఉలి, సుత్తి, కాస్త మాలు పట్టుకెళ్ళి దాన్ని ఊడదీసి, దాని స్థానంలో మంచి ఇటుక పెట్టి అతికి వచ్చాడట. నిలబడి ఉన్న గోడలోంచి ఇటుక తీసుకోవడం దొంగతనమని నలభై ఏళ్ళు గోడలు కట్టిన మనిషికి తోచలేదు. మరో ఇటుక పెట్టాను కదా అంటాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట అలాంటివాడే ఒకడు.

"తీసినందుకు కాదమ్మా" అన్నాడు కాపలావాడు. "మిగతా గోడంతా వంకరటింకర. ఈయన పెట్టిన ఒక్కటే తిన్నగా ఉంది. ఎవరు చూసినా ఇట్టే తెలిసిపోతోంది. పై అధికారి అడిగితే నేనేం చెప్పాలి?"

నేను క్షమించమని అడిగాను. ఆయనను తిట్టడానికి గాలి పీల్చుకున్నాను కూడా. అంతలో ఓ సంగతి తట్టి, ఆ ఇటుక గోడలో ఎంత ఎత్తున ఉందని కాపలావాణ్ణి అడిగాను. అతను తన మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. ఎలా కూర్చున్నావయ్యా అని మా ఆయనను అడిగాను. ఆయనకూ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. కుర్చీలో కూర్చుని కాలు ముక్కాలిపీట మీంచి దింపి, మెల్లగా మడిచాడు. సగం దాకా వచ్చి ఆగింది. రెండు నెలల కిందట అదీ లేదు. కాపలావాడికి టీ పోసి పంపాను, తిట్లు వాయిదా వేశాను.

ఆ మర్నాటి నుంచి నాకు ఓ అనుమానం. తెచ్చింది ఒక్కటే గాని, ఒళ్ళంతా దుమ్ము చూస్తే యాభై తిరగేసి వస్తున్నట్టుండేది. గుర్తున్నవి దొరికినా కొన్నిటిని అక్కడే వదిలేస్తున్నాడని పెద్దవీధి పని చూసే మేనేజరమ్మ చెప్పింది. మీ ఆయన దేని కోసమో వెతుకుతున్నాడమ్మా, పడగొట్టిన ప్రతి ఇంట్లోనూ చేపబొమ్మ ఉందా అని అడుగుతాడు అంది.

నా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగింది. దర్జీ కొట్టు చొక్కా ఒకటి మాడింది. చేపబొమ్మ మా బట్టీ ముద్ర.

మధ్యాహ్నం ఆయన రాగానే అడిగాను. దాచలేదు. పెద్దవీధి ఇళ్ళు కట్టినప్పుడు తనకు పధ్నాలుగేళ్ళనీ, అక్కడ ఇటుకలు మోశాడనీ, కొన్ని ఇళ్ళకు చేప ఇటుకలు వాడినట్టు గుర్తనీ చెప్పాడు.

"నీ కాలు వెతుకుతున్నాను" అన్నాడు.

పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్కసారి చెప్పాను ఆయనకు. ఆరేళ్ళప్పుడు అమ్మకు నీళ్ళు తీసుకెళ్తూ పచ్చి ఇటుక మీద కాలేశాను. బట్టీ మేస్త్రీ చూస్తున్నాడని అమ్మ నన్ను కొట్టింది. ఆ ఇటుకను పారెయ్యలేదు, కాల్చి ఎక్కడికో పంపేశారు. ఎక్కడో ఎవరింటి గోడలోనో నా కాలుందని చెప్పి నవ్వాను. అంతే చెప్పాను. ఈయన దాన్ని నలభై ఏళ్ళు మనసులో పెట్టుకున్నాడు.

లక్షల ఇటుకల్లో ఎక్కడ దొరుకుతుందయ్యా, మతి ఉందా అని అరిచాను. దొరికితే దొరుకుతుంది, లేకపోతే లేదు అన్నాడు. తర్వాత కాలు నిమురుకుంటూ అన్నాడు.

"అది దొరికిందంటే ఇక చాలు. ఈ నొప్పి నావల్ల కావడం లేదు. ఆ ఒక్కటి తెచ్చి నీ చేతిలో పెట్టి కుర్చీలో కూర్చుంటాను. అప్పుడు నన్ను లేపకు."

సరేనన్నాను. దొరికేది కాదు కదా అని ధైర్యం. అది దొరకనంత కాలం ఆయన నడుస్తాడు. జీవితంలో మొదటిసారి, నా వస్తువు నాకు దొరక్కూడదని కోరుకున్నాను.

డాక్టరు గడువుకు ఇంకా పదహారు రోజులున్నాయి. ఆ రోజు భోజనం వేళ దాటింది, ఆయన రాలేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. దుప్పట్లు మడతపెట్టేస్తూ పదిసార్లు వీధిలోకి చూశాను. ఎక్కడ పడ్డాడో అని మొదలై, వస్తే ఎలా తిట్టాలో అన్నదాకా వచ్చింది నా ఆలోచన. రెండు దాటాక వచ్చాడు. చొక్కా లేదు. చొక్కా విప్పి దేనికో చుట్టి, సంచీలో కాకుండా రెండు చేతులతో గుండెకు ఆనించుకుని తెస్తున్నాడు. కర్ర చంకలో ఉంది. కర్ర లేకుండా నడుస్తున్నట్టు ఆయనకే తెలియదు.

నా ఇస్త్రీ బల్ల మీద పెట్టి చొక్కా విప్పాడు. చేప తల, దాని మీదుగా ఓ చిన్న పాదం. ఐదు వేళ్ళూ దిగి ఉన్నాయి. కుడికాలు.

"చూడు" అన్నాడు. ఊపిరి అందడం లేదు.

చూశాను. మడమ దగ్గర అచ్చు చెదిరి ఉంది. నాలుగు గీతలు, పక్కపక్కన, కిందికి దిగుతూ. ఆ సంగతి నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నన్ను కొట్టాక అమ్మ చెయ్యి తడుపుకుని ఆ అచ్చును చెరపబోయింది. మడమ మీద ఒక్కసారి వేళ్ళతో రాసింది. రాసి, ఆగిపోయింది. నా వైపు చూసి, ఉండనీలే అంది. మిగతాది అలాగే వదిలేసి, నన్ను దగ్గరికి లాక్కుని కాలి మట్టి కడిగింది. మా అమ్మకు ఫోటో లేదు. రాత లేదు. ఆవిడ చేత్తో చేసిందేదీ నా దగ్గర లేదు.

ఆ నాలుగు వేళ్ళూ నా బల్ల మీద ఉన్నాయి. వాటి మీద పడి ఏడవాలని ఉంది. ఆయన గోడకు ఆనుకుని, కుర్చీ వైపు చూస్తున్నాడు. గెలిచి వచ్చిన మనిషి చూసినట్టు చూస్తున్నాడు దాన్ని. పదహారు రోజులు. కాలు ఇంకా పూర్తిగా వంగడం లేదు.

"నాది కాదయ్యా" అన్నాను. "నేను వేసింది ఎడమకాలు."

ఆయన నా ముఖం చూశాడు. నేను మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్ళీ మడతపెట్టాను.

"అలాగా" అన్నాడు. ఇటుకను తీసుకెళ్ళి వసారాలో మిగతావాటి పక్కన పెట్టాడు. సుద్దతో తేదీ రాశాడు. మర్నాడు పొద్దున్న కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పదహారు రోజులూ నేను దొంగలా బతికాను. ఆయన వీధి మలుపు తిరగ్గానే వసారాలోకి వెళ్ళేదాన్ని. జన్మలో ముట్టనన్న ఇటుక మీద చెయ్యి పెట్టేదాన్ని. నా నాలుగు వేళ్ళూ ఆ నాలుగు గీతల్లో సరిగ్గా పట్టేవి. అమ్మ పోయినప్పటి వయసు కంటే ఇప్పుడు నా వయసు రెట్టింపు, వేళ్ళు మాత్రం అవే. ఆయన అడుగుల చప్పుడు వినబడితే లోపలికి వచ్చి ఇస్త్రీపెట్టె పట్టుకునేదాన్ని. ఆయన రోజూ ఏదో ఒకటి తెచ్చేవాడు. ఎడమకాలు దొరకలేదనేవాడు. రేపు చూడు అనేదాన్ని. వానలు పడడం మొదలైనా ఆగలేదు, గొడుగు వేసుకుని వెళ్ళాడు. బురదలో ఒకసారి జారబోయి నిలదొక్కుకున్నాడని మేనేజరమ్మ చెప్పినప్పుడు, ఇక నిజం చెప్పేద్దామనుకున్నాను. ఇంకా మూడు రోజులే కదా అని నోరు నొక్కుకున్నాను.

గడువు రోజున మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. డాక్టరు మా ఆయనను బల్ల అంచున కూర్చోబెట్టి కాలు కిందికి వదలమన్నాడు. మోకాలు వంగింది. కుర్చీలో కూర్చున్నంత, ఆపైన ఇంకాస్త. డాక్టరు కొలబద్ద పెట్టి రెండుసార్లు కొలిచాడు. కోయక్కర్లేదన్నాడు. ఏం వ్యాయామం చేశారని అడిగితే ఆయన ఇటుకలు ఏరానన్నాడు. డాక్టరు నవ్వి, మా ప్రహరీగోడలో ఓ ఇటుక భలే అందంగా ఉందని కాపలావాడు చూపించాడని చెప్పాడు. నేను తల వంచుకున్నాను. మా అమ్మాయి ఏడ్చింది. వానకు కళ్ళజోడు తడిసిందని అబద్ధమాడింది. గదిలో వాన ఎక్కడుంది?

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఆయన్ని వసారాలోకి పిలిచాను. ఆ ఇటుక చూపించి, ఇది నాదే అన్నాను. అబద్ధమాడానన్నాను. ఇవి మా అమ్మ వేళ్ళని, ఉన్న సంగతంతా చెప్పాను. 

ఆయన ఆ గీతల మీద వేలు పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వేళ్ళ సంగతి తెలియదు" అన్నాడు. "నీదేనని మాత్రం తెలుసు."

ఎలా తెలుసన్నాను.

"నలభై ఏళ్ళలో నువ్వు నాతో అంత మెత్తగా మాట్లాడింది ఆ ఒక్కరోజే. దుప్పటి కూడా రెండుసార్లు మడతపెట్టావు."

నాకు ఒళ్ళు మండింది. తెలిసి తెలిసి, మరి ఆ వానలో, ఆ బురదలో, పదహారు రోజులు ఆ లేని ఎడమకాలి కోసం ఎందుకు తిరిగావని గట్టిగానే అడిగాను.

"నువ్వు తిరగమన్నావు కదా" అన్నాడు.

లోపలికి వెళ్ళి తాపీ తెచ్చుకున్నాడు. నా ఇస్త్రీ బల్ల పక్కన, కిటికీ కింది గోడలో, సరిగ్గా నా చెయ్యి అందే ఎత్తున ఓ ఇటుక ఊడదీశాడు.  మా ఇల్లు, మా గోడ. బయటికొచ్చి బొచ్చెలో ఇసుకా సిమెంటూ పోసి, నా భుజం పట్టుకుని మెల్లగా కిందికి దిగాడు. సగం గొంతుక్కూర్చున్నాడు, మిగతా సగం బరువు నా మీద వేశాడు. అలాగే మాలు కలపడం మొదలెట్టాడు. ఐదు నెలల తర్వాత ఆ చప్పుడు విన్నాను.

నీళ్ళెక్కువయ్యాయని అరిచాను. అంత పల్చటి మాలుతో ఏం ఆగుతుంది, నలభై ఏళ్ళు ఏం నేర్చుకున్నావని వీధి చివరిదాకా వినబడేలా అరిచాను. ఆయన తల ఎత్తలేదు, ఇంకాస్త ఇసుక వేసుకున్నాడు.